కోడిని పట్టిన కుక్కని వదిలెయ్యాల్సిన పన్లేదు

కోడిని పట్టిన కుక్క ఇంక పనికిరాదు, రుచి మరిగింది, యాడన్నా వదిలేసి రాండి అంటారు మా వైపు. నెల్లూరు జిల్లా పొదలకూరు చుట్టుపక్కల నిమ్మతోటల్లో ఇళ్లు కట్టుకుని ఉండేవాళ్లలో కుక్క లేని ఇల్లు తక్కువ, కోళ్లు లేని ఇల్లు అంతకన్నా తక్కువ. కుక్క లేకపోతే తోటలో రాత్రిపూట ధైర్యం ఉండదు, కోళ్లు లేకపోతే చుట్టాలొచ్చిన రోజు చెయ్యి ఆడదు, మరి ఈ రెంటికీ పడకపోతే ఇంట్లోంచి పోయేది మాత్రం ఎప్పుడూ కుక్కే. బండి మీద ఎక్కించుకుని నాలుగూళ్ల అవతల రోడ్డు పక్కన దింపేసి వస్తారు, అది పాపం బండి ఎనకాలే కొంత దూరం పరిగెత్తి ఆగిపోద్ది. పెంచుకున్న జంతువుని తిండి, నీళ్లు లేక అల్లాడే చోట అట్టా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం, ఆ సంగతి చాలామందికి తెలీదు. చట్టం సంగతి అట్టా ఉంచితే, మన అన్నం తిని మన గడప కాసిన దాన్ని అట్టా చెయ్యడానికి నాకైతే మనసొప్పదు. అందుకే ఇంత పొడుగు పోస్టు రాస్తన్నా.

ఇన్నేళ్లుగా చూసిందాన్ని బట్టి చెప్తన్నా, ఎక్కువ కుక్కలకి మరిగేది కోడి రుచి కాదు, కోడిని తరమడం. గూట్లో దూరిన కుక్క ఏం చేస్తదో చూసినోళ్లకి తెలుసు, ఒకదాన్ని పట్టి విదిలించి పడేస్తది, ఇంకోటి రెక్కలు కొట్టుకుంటా ఎగిరితే దాని ఎనక పడతది, అది కదలడం ఆపేస్తే మళ్లీ ఇంకోటి. తెల్లారి చూస్తే ఆడొకటి ఈడొకటి పడుంటాయి, చాలాసార్లు ఒక్కదాన్ని కూడా తిని ఉండదు. ఆకలికి చేసిన పనైతే ఒకదానితో ఆగిపోవాలి గదా. కుక్కకి మూలమైన తోడేలు వేటలో కొన్ని పనులు వరసగా ఉంటాయి, కళ్లప్పగించి చూడటం, పొంచి అడుగెయ్యడం, తరమడం, పట్టడం, చంపడం, చీల్చుకు తినడం. కుక్కని మచ్చిక చేసుకున్నాక మనుషులు ఒక్కో జాతిలో ఒక్కో పనిని పెంచుకుంటా మిగతావి తగ్గించుకుంటా వచ్చారు. చిప్పిపారై, ముధోల్ హౌండ్ లాంటివి వేటకని పెంచిన జాతులు, కదిలే ప్రాణి కంటపడితే వాటి కాళ్లు ఆగవు. అట్టాంటి కుక్కని తెచ్చుకుని కోళ్ల మధ్యలో వదిలి అది ఊరుకోవాలంటే ఎట్టా కుదురుద్ది, దాని చోటు దానికి, కోళ్ల చోటు కోళ్లకి, మధ్యలో గట్టి కంచె ఉండాల్సిందే. మన నాటుకుక్కల్లో మాత్రం ఏ కుక్కకా కుక్కే, ఒకే ఈతలో పుట్టిన రెంట్లో ఒకటి కోళ్ల పక్కనే పడుకుని నిద్రపోద్ది, రెండోది కోడి అరుపు వింటే చాలు లేచి నిలబడతది.

"ఆడుకుంటా పట్టింది అంతే, పల్లు కూడా దిగలా, అయినా చచ్చిపోయింది" అని చెప్తుంటారు చూడండి, అది నిజమే. బొచ్చు పీకి చూసినా ఒంటి మీద గాటుండదు. కోడికి మనకున్నట్టు పొట్టకీ రొమ్ముకీ మధ్య ఊపిరి తీసే కండరం ఉండదు, రొమ్ము ఎముక ఆడితేనే దానికి గాలి లోపలికి పోయేది. ఆ రొమ్ముని నొక్కిపెడితే చాలు, ఊపిరాడక పోద్ది. కుక్కపిల్ల కాలు కింద అదిమి కూర్చున్నా అంతే, మెత్తగా నోట్లో పట్టుకుని తిరిగినా అంతే. ఇంట్లో చిన్నపిల్లలుంటే కోడిపిల్లల్ని గుప్పిట్లో బిగించొద్దని వాళ్లకి కూడా చెప్పండి, అక్కడా జరిగేది ఇదే. మాది కరవదులే అని ధీమాగా ఉండేవాళ్లు ఇది బాగా గుర్తు పెట్టుకోవాలి.

అందుకని కరిచేదాకా చూస్తా కూర్చుంటే లాభం లేదు, అంతకన్నా ముందే పట్టుకోవాలి. మా నల్లోడు నాటుకుక్కే, వాడి మొహంలో ఆ మార్పు నాకు దూరం నుంచి కూడా తెలిసిపోద్ది. నోరు తెరిచి వగర్చుకుంటా పడుకున్నోడు ఉన్నట్టుండి నోరు మూస్తాడు. చెవులు రెండూ ముందుకొస్తాయి, నుదురు ముడత పడతది, ఊగే తోక ఆగిపోయి బిగుసుకుంటది, ముందు కాలొకటి నేల మీద నుంచి కొంచెం లేస్తది. పిలవాల్సింది ఆ క్షణంలోనే. ఒకసారి పరుగు అందుకున్నాక ఎంత అరిచినా వాడి చెవికెక్కదు, పైగా మన అరుపులకి కోళ్లు ఇంకా బెదిరి ఎగురుతాయి, అవి ఎగిరే కొద్దీ వీడికి ఇంకా ఊపొస్తది.

అలవాటు చెయ్యడం ఎట్టా అంటే, కుక్కని గొలుసుతో చేత్తో పట్టుకుని కోళ్లకి బాగా దూరంగా, అవి కనపడతాయి గానీ వీడు ఇంకా బిగుసుకోడు అనేంత దూరంలో కూర్చోవాలి, సాయంత్రం పూటైతే మంచిది కోళ్లు కూడా నిదానంగా ఉంటాయి. కోడిని చూసి మళ్లీ మీ వంక చూశాడా, వెంటనే ఉడకబెట్టిన మాంసం ముక్క పెట్టండి. చూపు తిప్పకుండా బిగుసుకున్నాడా, తిట్టొద్దు కొట్టొద్దు, లేచి ఇంకొంచెం ఎనక్కి పోండి. ఇట్టా రోజూ కాసేపు చేస్తా దూరం తగ్గించుకుంటా రావాలి. ముందు మెష్ అవతల కోళ్లు, ఇవతల కుక్క, ఆ తర్వాతే మధ్యలో ఏమీ లేకుండా, అప్పుడు కూడా గొలుసు చేతిలోనే. నెల పట్టొచ్చు మూణ్ణెల్లు పట్టొచ్చు, కొన్నిటికి ఎప్పటికీ రాకపోవచ్చు, రాని కుక్క చెడ్డదని కాదు, దాన్ని కట్టేసే టైము, కోళ్లని వదిలే టైము వేరే వేరే పెట్టుకుంటే సరిపోద్ది. ఉదయం కోళ్లు, మధ్యాహ్నం నుంచి కుక్క, ఇట్టా నడుపుకునే ఇళ్లు మా చుట్టుపక్కలే ఉన్నాయి. అట్టాగని కుక్కని పొద్దస్తమానం గొలుసుకే ఉంచితే మాత్రం అది ఇంకా పిచ్చెక్కిపోద్ది, వదిలిన రోజు ముందు కోళ్ల మీదకే పోద్ది.

కొత్తగా కుక్కపిల్లని తెచ్చుకునేవాళ్లకి పని చాలా తేలిక. మూడు వారాల నుంచి మూణ్ణెల్ల లోపు కుక్కపిల్ల ఏం చూస్తదో అదంతా దానికి మామూలైపోద్ది. ఆ వయసులో కోళ్ల మధ్య మన కళ్ల ముందర తిరిగితే సగం పని అయిపోయినట్టే. మా దగ్గర కుక్కపిల్లలకి మర్యాద నేర్పేది పిల్లలకోడి, మెడ బొచ్చు లేపి రెక్కలు దించి ఒక్కసారి మీదకి ఉరికిందంటే ఆ కుక్కపిల్ల మళ్లీ దాని పిల్లల జోలికి పోదు. కాకపోతే కంటి మీద పొడిస్తే ప్రమాదం, మనం పక్కనే ఉండాలి. అసలు గండం ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా, వయసు కుర్రతనం, ఒంట్లో బలం రెండూ ఉంటాయి, చిన్నప్పుడు బుద్ధిగా ఉన్నదే అప్పుడు తరమడం మొదలుపెట్టొచ్చు. ఆ టైంలో దాన్ని ఒంటరిగా కోళ్లతో వదలొద్దు, దానికి రోజూ తోటంతా తిరిగేంత నడక ఉండాలి.

గొడవలు ఎక్కువ యాడ వస్తాయో తెలుసా, అన్నం గిన్నె దగ్గర. కుక్కకి సంగటో పెరుగన్నమో పెట్టి మనం లోపలికి పోతాం, కోళ్లు గుంపుగా వచ్చి గిన్నెలో మూతి పెడతాయి, అది గుర్రంటది, కోడికి కుక్క భాష తెలీదు గదా, ఇంకో ముద్ద పొడుస్తది, అంతే ఒక్క కాటు. దీన్ని చూసి కుక్క కోళ్లకి మరిగిందని చెప్పడం అన్యాయం. కుక్కకి వరండాలో గ్రిల్ లోపల పెట్టండి, తిన్నాక గిన్నె తీసెయ్యండి, మెతుకులు ఊడ్చేయండి. అట్టానే కోళ్లు యాడంటే ఆడ గుడ్లు పెట్టకుండా గూట్లోనే గడ్డి పరిచి బుట్ట పెట్టండి, పొదలో దొరికిన గుడ్డుతో మొదలైన అలవాటు గూడు దాకా వస్తది. ఆదివారం దొడ్లో కోడిని కోసేటప్పుడు కుక్కని ఇంటి ముందర కట్టేయండి. అది చూస్తా ఉండగా కోడి గిలగిల్లాడటం, ఆ పేగులు దానికి విసిరేయడం ఏం బాలేదు. ఉడికిన కోడి ఎముకలు కూడా వెయ్యొద్దు, అవి పెళుసుగా సూదుల్లాగా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి.

కోడిని పట్టిన కుక్కకి బుద్ధి చెప్పే విషయంలో మా పక్క తోట మామ ఒకాయనకీ నాకూ ఎప్పుడూ వాదనే. "చచ్చిన కోడిని దాని మెడకి కట్టి రెండ్రోజులు తిప్పమ్మా, మళ్లీ జన్మలో కోడి వంక చూడదు" అంటాడు. "మామా, కోడిని పట్టింది నిన్న, మెడకి కట్టేది ఈరోజు, దానికి దీనికీ సంబంధం దానికెట్టా తెలుస్తది" అంటే నవ్వుతాడు. పని జరిగిన క్షణం దాటాక వేసే ఏ శిక్షా కుక్కకి అర్థం కాదు, మనల్ని చూసి భయపడటం ఒక్కటే నేర్చుకుంటది. మనం ఉన్నంతసేపు బుద్ధిగా ఉండి మనం అటు పోగానే తరిమే కుక్కలు ఇట్టానే తయారవుతాయి. ఆ కుళ్లిన కోడితో వచ్చే జబ్బులు వేరే.

రాత్రికి మాత్రం ఎంత మంచి కుక్కైనా, ఎన్నేళ్ల అలవాటైనా, కోళ్లు గూట్లో ఉండాల్సిందే, గొళ్లెం పడాల్సిందే. మన కుక్క ఊరుకున్నా ఊరకుక్కలు ఊరుకోవు, రెండు మూడు కుక్కలు కలిస్తే మనదీ వాటితో కలిసిపోద్ది. ఆరు మూలల సన్న కోళ్ల జాలీ కోడిని లోపల ఉంచడానికి పనికొస్తది గానీ కుక్కని ఆపలేదు, పంటితో లాగితే విప్పుకుంటది. కుక్క తగిలే ఎత్తు దాకా వెల్డ్ మెష్, అంటే తీగలు అతికించిన గట్టి ఇనప జాలీ, వెయ్యండి, కన్ను చిన్నదైతే ముంగిస కూడా దూరదు. కింద తవ్వకుండా గూటి చుట్టూ అడుగున్నర వెడల్పున అదే మెష్ మట్టి కింద పడుకోబెట్టండి, లేదంటే కడప బండలు పరిచేయండి. చిల్లకంప చుట్టూ వేస్తే చాలనుకుంటారు, ఎండి విరిగినాక అందులోంచి సందులొస్తాయి. గంప కింద పిల్లల్ని కమ్మి పైన రాయి పెట్టడం పగలు మనం ఉన్నప్పటికి సరే, లోపల కిచకిచ వింటా ఉన్న కుక్క మూతితో ఎత్తితే ఆ రాయి గంప మీద ఎంతసేపుంటది. కుక్క వల్ల కోళ్లకి లాభం లేదా అంటే చాలా ఉంది, ముంగిస, నక్క, అడవిపిల్లి, పగలు గద్ద, ఇవన్నీ కుక్క తిరిగే దొడ్డికి రావడానికి జంకుతాయి.

ఎండాకాలం ఇంకో జాగ్రత్త. రోహిణి కార్తెలో నీడంతా నిమ్మచెట్ల కిందే, నీళ్లు ఒక్క తొట్లోనే ఉంటే కుక్కా కోళ్లూ ఆడే చేరతాయి. నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టండి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చడమే దాని చల్లదనం, ఆ ఎండలో నాలుగు గిరికీలు తరిమితే పన్ను తగలకుండానే పడిపోద్ది.

జబ్బుల సంగతి. 2024 ఫిబ్రవరిలో మా మండలంలోనే చాటగొట్లలో, అటు కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు చచ్చిపోయి బర్డ్ ఫ్లూ అని తేలింది, చుట్టుపక్కల చికెన్ షాపులు మూయించారు. అప్పట్నుంచి నేను అందరికీ చెప్తన్నా, చచ్చిన కోడిని కుక్కకి వెయ్యొద్దు, దిబ్బలో పారెయ్యొద్దు, లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి. థాయిలాండ్‌లో 2004లో బర్డ్ ఫ్లూ వచ్చిన బాతుని తిని ఒక కుక్క అదే జబ్బుతో చచ్చిపోయింది. కోళ్లని గుంపులుగా చంపే అంటుజబ్బు కొక్కెర తెగులు కుక్కకి రాదు గానీ, చచ్చిన కోడిని నోట కరుచుకుని ఒక దొడ్లోంచి ఇంకో దొడ్లోకి మోసేది కుక్కే, కాబట్టి కోడిపిల్లలకి మొదటి వారంలోనే ఆ తెగులు రాకుండా లసోటా టీకా చుక్కలు వేయించండి. కోళ్ల రెట్టలు కుక్క తింటే దానికి సాల్మొనెల్లా అనే కడుపు జబ్బు క్రిమి తగులుకోవచ్చు, గూడు రోజూ ఊడవండి. కుక్కకి పిడుదుల మందు పూసిన రోజు ఒళ్లు ఆరేదాకా కోళ్లని దగ్గరికి రానియ్యొద్దు, అవి దాని ఒంటి మీద పిడుదులు ఏరుకు తింటాయి. గూటి దగ్గర ఎలకల మందు అసలు వద్దు, గింజ కోడి తింటది, చచ్చిన ఎలకని కుక్క తింటది.

ఎన్ని చేసినా ఒకరోజు పట్టిందనుకోండి. కోడి బతికుంటే వెంటనే వేరే గంప కింద చీకట్లో వెచ్చగా పెట్టండి, రక్తం కనపడితే మిగతా కోళ్లే పొడిచి చంపేస్తాయి. బొచ్చు పాయలు తీసి చూడండి, కోరపల్లు దిగిన చోటు పైకి చిన్న చుక్కే, లోపల లోతుంటది, ఉప్పునీళ్లతో కడిగి బెటాడిన్ రాసి పశువుల డాక్టరుకి చూపించండి, 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ గురించి చెప్తారు. కోడిని విడిపించేటప్పుడు మీ చేతికి గీత పడినా, కుక్క చొంగ పుండు మీద పడినా, సబ్బుతో పారే నీళ్ల కింద పావుగంట కడిగి ఆరోగ్య కేంద్రానికి పోయి ఇంజక్షన్ సంగతి కనుక్కోండి, మన కుక్కే గదా అనొద్దు. ఆ కుక్కకి రేబిస్ టీకా ఉండాలి, మూడు నెలల వయసులో మొదటిది, తర్వాత ఏటేటా. జులై 6న జూనోసిస్ డే, అంటే జంతువుల నుంచి మనుషులకొచ్చే జబ్బుల గురించి జరిపే రోజు నాడు పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు, పొద్దున్నే పోండి, ఎండెక్కే కొద్దీ కుక్కలు ఎక్కువై కొట్లాడుకుంటాయి, గొలుసు పొట్టిగా పట్టుకుని మూతికి మెత్తటి గుడ్డ కట్టి తీసకపోండి.