ఏజెన్సీలో పసుపు యూనిట్ పెంచుకోవడానికి పీఎంఎఫ్‌ఎంఈ సబ్సిడీ: నా అనుభవం

పాడేరు ఏజెన్సీలో పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి కొమ్ములుగా అమ్మే యూనిట్ మాది. దాన్ని పొడి, ప్యాకింగ్ దాకా పెంచడానికి పీఎంఎఫ్‌ఎంఈ అనే, చిన్న ఆహార తయారీ యూనిట్లకిచ్చే కేంద్ర పథకం కింద పెట్టిన దరఖాస్తు ఎట్టకేలకు ఓ కొలిక్కి వచ్చింది. సబ్సిడీ మొన్ననే బ్యాంకుకు చేరింది. బ్యాంకుకు అన్నాను, నాకు కాదు. ఆ తేడా తెలియక ఊళ్లో చాలామంది "గవర్నమెంటు డబ్బులు పడ్డాయంట కదా" అని అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నా.

కేంద్రం 2020లో తెచ్చిన పథకం ఇది. అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, పది లక్షలకు మించదు. కొత్త యూనిట్లకే కాదు, నడుస్తున్నవాటిని పెంచుకోవడానికీ వర్తిస్తుంది. కుటుంబంలో ఒక్కరికే. మన వాటా కనీసం 10 శాతం, మిగతా 90 శాతం బ్యాంకు అప్పు. భూమి ధర లెక్కలోకి రాదు. వర్కింగ్ క్యాపిటల్ (సరుకు కొనడానికి, రోజువారీ ఖర్చులకు వాడే డబ్బు) మీద సబ్సిడీ లేదు. సివిల్ పని, అంటే కట్టడాల ఖర్చు, ప్రాజెక్టులో 30 శాతం దాటకూడదు. పసుపువాళ్లకు ఇరుకు ఇక్కడే: షెడ్డు, ఉడకబెట్టే చోటు, ఎండబెట్టే సిమెంటు కళ్లం అన్నీ సివిల్ కిందికే పోతాయి. కళ్లం పెద్దదిగా కావాలంటే అది సొంత డబ్బుతో ముందే వేసుకుని, ప్రాజెక్టులో షెడ్డు, మిషన్లే చూపించండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) ఉచితం. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్‌కు చిన్న యూనిట్లు కట్టేది ఏడాదికి 100 రూపాయలు. రెండూ ఫోన్లోనే అయిపోయాయి. ఆధార్ ఓటీపీ రావాలంటే మాత్రం సిగ్నల్ ఉన్నచోట నిలబడాలి. పోర్టల్లో దరఖాస్తుకు జిల్లా రిసోర్స్ పర్సన్ (ఈ పథకం కోసం పెట్టిన సహాయకుడు) సాయం చేస్తారు. ఆయనకు మీరు ఒక్క రూపాయీ ఇవ్వక్కర్లేదు. అప్పు మంజూరైన ప్రతి కేసుకూ ప్రభుత్వమే ఆయనకు 20,000 ఇస్తుంది. "ఫైలు కదిలిస్తా, సబ్సిడీలో పది శాతం నాది" అంటూ తిరిగే కన్సల్టెంట్లను గుమ్మం ఎక్కనివ్వకండి. వాళ్లు రాసే ప్రాజెక్టు రిపోర్టు ఎక్కడో మైదానంలోని కారం మిల్లుది. పేరు మార్చి ఇస్తారు. పచ్చి పసుపు క్వింటాలుకు ఎండు కొమ్ము ఇరవై కిలోల చిల్లర వస్తుందన్న ముక్క కూడా అందులో ఉండదు. బ్యాంకువాళ్లు అడిగితే మనం నీళ్లు నమలాలి.

రిపోర్టు మీరే కూర్చుని రాసుకోండి. అందులో రెండు చోట్ల జాగ్రత్త. మొదటిది కరెంటు. పొడి కొట్టే పల్వరైజర్‌కు పది హెచ్‌పీ మోటారు పెడితే త్రీ ఫేజ్ కావాలి. కొండ మీద చాలా ఊళ్లలో ఉన్నది సింగిల్ ఫేజ్ లైనే. లైను లాగడానికి, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎంతవుతుందో కరెంటోళ్ల దగ్గర ఎస్టిమేటు తీసుకున్నాకే మిషన్ల కొటేషన్లకు వెళ్లండి. మిషను వచ్చి గోనెసంచుల కింద పడి ఉంటే వాయిదాలు ఆగవు. రెండోది కొటేషన్. కంపెనీ ఇచ్చే ధర వాళ్ల గేటు దగ్గరి ధర. లారీ ఘాట్ రోడ్డు ఎక్కాలి, దించాలి, బిగించాలి. రవాణా, బిగింపు, జీఎస్టీ విడివిడిగా రాయించుకోకపోతే ఆ ఖర్చంతా తర్వాత మన జేబులోంచే. పల్వరైజర్ లోపలి భాగాలు స్టెయిన్‌లెస్ స్టీలేనని కూడా కొటేషన్లో రాయించండి.

ఇక బ్యాంకు. జిల్లా కమిటీ దరఖాస్తును సిఫారసు చేసి బ్యాంకుకు పంపింది, అక్కడ పోర్టల్లో "పెండింగ్" అని పడి కూర్చుంది. బ్రాంచి పేరు చెప్పను. మేనేజరు ముందు అడిగిన మాట: "భూమి కాగితాలేవి?" మాది పోడు పట్టా, అటవీ హక్కుల చట్టం కింద వచ్చింది. ఆయన దాన్ని వేలి కొసతో ఇటు తిప్పి అటు తిప్పి, టేబుల్ మీదుగా నా వైపు తోసేసి, "దీన్ని బ్యాంకు ఏం చేసుకుంటుంది? కింద భూమి ఉన్నవాళ్లనెవరినైనా జామీనుకు తీసుకురండి" అన్నాడు. లైన్లో నిలబడ్డవాళ్లందరూ విన్నారు. తాతల నుంచీ దున్నుతున్న నేలకు విలువ లేదని మైదానం నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినాయన మన ఊళ్లో కూర్చుని చెప్తుంటే ఎట్లా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు.

కానీ కోపం పక్కన పెట్టి చూస్తే ఆయన అన్నదాంట్లో సగం నిజం. అటవీ హక్కుల పట్టా వారసులకు వస్తుంది, అమ్మడానికి కుదరదు. 2006 చట్టంలోనే ఉంది. మామూలు పట్టా ఉన్నా 1/70 (ఏజెన్సీ భూముల బదిలీ చట్టం) ప్రకారం ఏజెన్సీ భూమిని గిరిజనుడే కొనాలి. వేలం వేస్తే కొనేవాళ్లు తక్కువ కాబట్టి బ్యాంకు దాన్ని తాకట్టుగా లెక్కపెట్టదు. ఆయన చెప్పని సగం ఏంటంటే, సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 10 లక్షల దాకా ఇచ్చే అప్పుకు అసలు తాకట్టే అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010లోనే ఆదేశించింది (2026 ఏప్రిల్ నుంచి మంజూరయ్యే అప్పులకు ఆ గీత 20 లక్షలు). ఆ అప్పుకు సీజీటీఎంఎస్‌ఈ (చిన్న పరిశ్రమల అప్పులకు పూచీ ఇచ్చే ట్రస్టు) గ్యారంటీ తీసుకునే వీలు బ్యాంకుకు ఉంది. దాని ఫీజు మన ఖాతాలోంచి కోసుకున్నా అది చిన్న మొత్తమే.

కాబట్టి అప్పట్లో ప్రాజెక్టును 10 లక్షల గీతకు సరిపడా కుదించుకోవాల్సి వచ్చేది. 11 లక్షల ప్రాజెక్టు అనుకోండి. మన వాటా 1.10 లక్షలు, అప్పు 9.90 లక్షలు, సబ్సిడీ 3.85 లక్షలు. సివిల్ 3.30 లక్షలు దాటకూడదు. పదిహేను లక్షలకు వెళ్తే సబ్సిడీ ఎక్కువ వస్తుందన్న మాట నిజమే, కానీ 10 లక్షల గీత ఉన్నప్పుడు వెంటనే తాకట్టు తలనొప్పీ వచ్చేది. కొమ్ములు కొనడానికి క్యాష్ క్రెడిట్ (కావాల్సినప్పుడు తీసి వాడుకునే అప్పు) కూడా అదే బ్రాంచిలో అడిగితే రెండూ కలిపి చూస్తారు, అది మర్చిపోవద్దు.

తర్వాత అడిగింది టర్నోవరు. సంతలో నగదుకు అమ్మితే కాగితం ఎక్కడిది? యూనిట్ నడుస్తోందని చెప్పడానికి ఫొటోలు చాలవు. దరఖాస్తుకు కనీసం ఒక సీజన్ ముందు నుంచే అమ్మకాలన్నీ ఒకే బ్యాంకు ఖాతాలో పడేలా చూసుకోండి, కొన్నవాళ్ల దగ్గర బిల్లు తీసుకోండి. ఉన్న మోటారు కరెంటు బిల్లులు మీ పేరు మీదే ఉండాలి.

నోటిమాటతో తిప్పుతుంటే ఒకటే మందు: "ఇవ్వలేమంటే కారణం రాసివ్వండి" అని కాగితం మీద అడిగి, స్టాంపు వేయించుకుని, ఒక కాపీ జిల్లాలో బ్యాంకుల సమన్వయం చూసే లీడ్ బ్యాంకు మేనేజరుకు ఇవ్వడం. రాతలోకి వచ్చేసరికి జామీను మాట ఎగిరిపోయింది.

మంజూరు లెటర్ వచ్చాక ఎగిరి గంతేయకండి, ప్రతి షరతూ చదవండి. నెలవారీ వాయిదా పెడతారు. పసుపు డబ్బు జనవరి నుంచి వేసవి దాకానే తిరుగుతుంది, వానాకాలంలో చేతిలో ఏమీ ఉండదు. సంతకానికి ముందే ఆరు నెలల మారటోరియం (వాయిదా కట్టక్కర్లేని గడువు), మూడు నెలలకో వాయిదా అడగండి. సంతకమయ్యాక వినరు. అప్పు డబ్బు నేరుగా మిషన్ల కంపెనీకి పోతుంది, ముందు మన వాటా ఖాతాలో కనపడాలి. మిషన్లు డిసెంబరుకల్లా బిగించేలా లెక్క వేసుకోండి. వానల్లో ఘాట్ మీద లారీని నమ్మలేం, తవ్వకాలు మొదలయ్యాక బిగింపు పనికి మనుషులు దొరకరు.

ఇప్పుడు సబ్సిడీ సంగతి. అప్పు విడుదలయ్యాక బ్యాంకు పోర్టల్లో క్లెయిమ్ పెడుతుంది. కేంద్రం 60, రాష్ట్రం 40 వాటాగా వచ్చిన డబ్బు మన పేరు మీద విడి ఖాతాలో మూడేళ్లు ఉంటుంది. అప్పు చివరి విడత విడుదలైన రోజు నుంచి లెక్క. మూడేళ్ల తర్వాత యూనిట్ నడుస్తూ, అప్పు మొండి బకాయి కాకుండా ఉంటే అసలులో సర్దుతారు. 

ఆ మూడేళ్లూ సబ్సిడీ మొత్తం మీద మనకు వడ్డీ రాదు, కానీ అప్పులో అంత భాగం మీద బ్యాంకు కూడా వడ్డీ వేయకూడదు. బ్రాంచిలో ఈ సర్దుబాటు చేయకపోతే మొత్తం అప్పు మీదా వడ్డీ పడుతూనే ఉంటుంది. 3.85 లక్షల మీద 11 శాతం అంటే ఏడాదికి 42,350 రూపాయలు, అంటే చిన్న ప్యాకింగ్ మిషను ఖరీదు. సబ్సిడీ జమైన తేదీ పోర్టల్లో చూసి రాసుకోండి, ఆ నెల స్టేట్‌మెంట్ తీసి వడ్డీ తగ్గిందో లేదో చూడండి. మా స్టేట్‌మెంట్‌లో తగ్గలేదు. లెటర్ ఇచ్చి వచ్చాను, ఈసారీ స్టాంపు వేయించుకునే.