గాలి చప్పుడు

నిన్న ఆఫీసు క్యాంటీన్‌లో ఒకమ్మాయి "ఆ రివ్యూ మీటింగ్ తర్వాత నాకు పీటీఎస్‌డీ వచ్చేసింది" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పీటీఎస్‌డీ అంటే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, భయంకరమైన అనుభవం తర్వాత మనసును వదలని జబ్బు. ఆ అమ్మాయి చెడ్డగా అనలేదు, ఇంగ్లిష్‌లో ఇప్పుడు అలాగే వాడుతున్నారు. ట్రాఫిక్ జామ్‌కీ, పరీక్షకీ, బ్రేకప్‌కీ అదే మాట.

నాకు మాత్రం వెంటనే అమ్మ గుర్తొచ్చింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేం విశాఖ ఎంవీపీ కాలనీలో ఉన్నాం. కిటికీ అద్దం పగిలి హాల్లో పడింది. అమ్మ వంటింటి తలుపుకి వీపు ఆనించి గంటల తరబడి అలాగే నిలబడింది. ఇప్పటికీ రాత్రిపూట గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, లేచి కిటికీల గడియలు ఒక్కొక్కటే తడిమి చూస్తుంది. పిలిచినా వినపడదు.

ట్రామా అంటే గ్రీకులో గాయం. తలకు దెబ్బ తగిలాక వచ్చే మూర్ఛలాంటి వాటికి కూడా డాక్టర్లు 'పోస్ట్ ట్రామాటిక్' అనే అంటారు. మనసుకు తగిలిన దెబ్బకు పీటీఎస్‌డీ అనే పేరు 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం మానసిక జబ్బుల్ని గుర్తించే తన పుస్తకంలో చేర్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు అప్పటికే ఏళ్లుగా నలిగిపోతున్నారు. లక్షణాలు నెల దాటి ఉంటేనే ఆ పేరు పెడతారు.

అమ్మకి ఏ డాక్టరూ ఆ పేరు పెట్టలేదు, మేమే తీసుకెళ్లలేదు. "ఏదో భయంలే" అని వదిలేశాం. తప్పు మాదే. ప్రతి చిరాకుకీ ఆ మాట వాడేస్తే, నిజంగా నలుగుతున్నవాళ్లు చెప్పుకున్నప్పుడు ఎవరు ఆగి వింటారు? మీటింగ్‌కి 'టెన్షన్ పడ్డాను' అంటే సరిపోతుంది కదా.

సోమవారం అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. "గాలికి భయపడితే డాక్టరెందుకురా?" అంది. అపాయింట్‌మెంట్ టైమ్ రాసిన కాగితం మాత్రం మడిచి తన పర్సులో పెట్టుకుంది.