గిరి ప్రదక్షిణలో నా కాలు

ఈసారి సింహాచలం గిరి ప్రదక్షిణ మొత్తం 32 కిలోమీటర్లూ ఆగకుండా నడవాలని మొండిగా అనుకున్నా. ఆషాఢ చతుర్దశి మధ్యాహ్నం కొండ మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మా అక్కతో బయల్దేరా. పదేళ్ళ నుంచి పొద్దున్నే జపం, ఏకాదశి ఉపవాసం ఏదీ మానలేదు, మోక్షమంటే మన కష్టంతో సంపాదించుకునేదే అని నా నమ్మకం. అక్కది పూర్తిగా శరణాగతి.

రామానుజుల తర్వాత రెండు శాఖలైన శ్రీవైష్ణవుల్లో కూడా ఇదే గొడవ కదా, వడగలై శాఖ వాళ్ళు భక్తుడు కోతిపిల్లలాంటివాడని చెప్తారు, తల్లిని అది గట్టిగా పట్టుకోవాలి, తెంగలై శాఖ వాళ్ళు పిల్లికూనలాంటివాడని చెప్తారు, తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. హనుమంతవాక దాకా మేమిద్దరం ఇదే. "ఏడాదంతా చందనంలో ఉండే అప్పన్న నిజరూపం చూపించేది అక్షయ తృతీయ నాడే, నువ్వెంత జపం చేస్తే ముందు చూపిస్తాడ్రా?" అంది అక్క. నా దగ్గర సమాధానం లేదు, కోపం మాత్రం వచ్చింది.

అప్పుఘర్‌లో సముద్రస్నానం చేసి తడిబట్టల్తోనే నడిచాం. మాధవధార దాటాక పిక్క పట్టేసింది, ఎన్ఏడీ, గోపాలపట్నం ఎలా దాటానో నాకే తెలీదు, ప్రహ్లాదపురంలో రోడ్డు పక్కన కూలబడిపోయా. ప్రహ్లాదుణ్ణి సముద్రంలో తోసేస్తే స్వామి వచ్చి కాపాడాడని ఈ కొండ కథ, ఆ పిల్లాడు ఈదలేదు, పిలిచాడంతే, అది గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మజ్జిగ పంచుతున్న కుర్రాడొకడు వచ్చి నా కాలు తన ఒళ్ళో పెట్టుకున్నాడు, నేను సిగ్గుతో వెనక్కి లాక్కున్నా. మళ్ళీ పెట్టుకుని నూనె రాస్తూ "అన్నా, బిగబట్టకు, వదిలెయ్" అన్నాడు. వదులుతున్నా అనే అనుకున్నా గానీ వదల్లేదు, ఎంత ప్రయత్నిస్తే అంత బిగుసుకుంటోంది. 28 కిలోమీటర్లు నడిపించిన కాలుని ఒక్క నిమిషం ఇంకొకరి చేతిలో పెట్టడం నాకు చేతకాలేదు.

ఎప్పుడు వదులైందో తెలీదు. కళ్ళు తెరిచేసరికి కాలు వాడి ఒళ్ళోనే బరువుగా ఉంది, నొప్పి సగం తగ్గింది. వదిలింది నేనా, వాడు వదిలించాడా అని అక్కని అడిగా. "లే, గోశాల దగ్గరే" అని చెయ్యిచ్చింది. ఈసారి పట్టుకున్నా.