అగ్గిపెట్టెలో రాయి

మా ఇంట్లో దేవుడి గూట్లో కుంకుమ డబ్బా వెనక ఒక అగ్గిపెట్టె ఉంటుంది. అందులో నా కిడ్నీ రాయి ముక్క ఉంది. కందిపప్పు బద్దలో సగం, రంగు తేనెమైనం లాంటిది, వేలితో రుద్దితే కొంచెం జిగటగా అనిపిస్తుంది. మిగతా సగం ల్యాబ్‌కి పోయింది. అంతకు ముందు రెండుసార్లు ఆసుపత్రిలో తీసిన రాళ్లను ఎవరూ పరీక్షకు పంపలేదు, మేమూ అడగలేదు. మూడోది దానంతట అదే పడితే టీ వడబోసే జాలీతో పట్టుకున్నా (ఆ జాలీ మళ్లీ వంటింటి మొహం చూడలేదు).

ఇంటర్ సెకండియర్‌లో మొదటి నొప్పి. అప్పటి నుంచి హన్మకొండలో మాకు తెలిసిన ప్రతి ఒక్కరూ నాకు డాక్టరే. టమాటా గింజలు వద్దు, పాలకూర ముట్టకు, కొండపిండాకు కషాయం తాగు, ఉలవచారు తాగు, అరటి దూట రసం తాగు. ఎనిమిదేళ్లు పాలకూర పప్పు మానేశా. తీరా చూస్తే పాలకూర గొడవంతా ఆక్సలేట్ (పాలకూరలో ఎక్కువగా ఉండే పదార్థం) రాళ్లది, ఎక్కువమందికి వచ్చేవి అవే కాబట్టి సలహాలూ వాటివే. నాది సిస్టిన్ అనే అమైనో ఆమ్లం గడ్డకట్టిన రాయి. దానికీ పాలకూరకూ ఏ సంబంధమూ లేదు. ఆ ఎనిమిదేళ్ల పప్పు ఇప్పుడు ఎవరు పెడతారు నాకు?

మొదటి రాయిని షాక్‌వేవ్‌తో పగలగొడతామని రెండుసార్లు కొట్టారు, పగలలేదు, ఆఖరికి లేజర్‌తో తీశారు. సిస్టిన్ రాళ్లు షాక్‌వేవ్‌కి ఓ పట్టాన లొంగవట. ఆ డబ్బులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

జబ్బు పేరు సిస్టిన్యూరియా. కిడ్నీ రక్తాన్ని వడగట్టాక పనికొచ్చేవాటిని మళ్లీ లోపలికి లాక్కుంటుంది కదా, సిస్టిన్ విషయంలో ఆ పని మాకు పుట్టుకతోనే సరిగ్గా జరగదు. ఇంకో మూడు అమైనో ఆమ్లాలు కూడా ఇట్లాగే మూత్రంలోకి పోతాయి, కానీ అవి కరిగిపోతాయి కాబట్టి వాటితో తంటా లేదు. సిస్టిన్ మాత్రం లీటరుకు సుమారు 250 మిల్లీగ్రాములు దాటితే స్ఫటికాలు కడుతుంది. మామూలు మనిషికి రోజుకు 30 లోపే పోయేది, 24 గంటల మూత్రం డబ్బాలో పట్టిస్తే నాకు 800 వచ్చింది. నేను ఎనుమాముల మిర్చి యార్డులో అడ్తి దగ్గర లెక్కలు రాస్తా, ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు: రోజుకు మూడు లీటర్లకు పైగా మూత్రం పోవాలి. ఏప్రిల్‌లో, మిర్చి ఘాటులో, చెమటకే సగం పోయే యార్డులో, అంటే ఎంత తాగాలో చూసుకోండి. పైగా ఉప్పు ఎక్కువైతే సిస్టిన్ ఇంకా ఎక్కువ పోతుంది, కాబట్టి ఆవకాయ బంద్. మూత్రంలో ఆమ్లగుణం తగ్గించే పొటాషియం సిట్రేట్ సిరప్, తగ్గిందా లేదా అని మూత్రం పీహెచ్ 7 పైన ఉందో లేదో చూసుకునే స్ట్రిప్పులు, అవి మామూలే.

ల్యాబ్ టెక్నీషియన్ నన్ను పిలిచి మైక్రోస్కోప్‌లో చూపించాడు. ఆరు మూలల పల్చటి గాజు బిళ్లలు, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, అందంగా ఉన్నాయి. 1810లో వొలాస్టన్ అనే ఇంగ్లండ్ ఆయన మూత్రాశయపు రాయిలో దీన్ని మొదట కనిపెట్టాడు, సిస్టిన్ అనే మాటకు మూలం కూడా గ్రీకులో మూత్రాశయమే. మన వెంట్రుకల్లో నిండా ఉండేది కూడా ఇదే, పేరు మాత్రం పాపం అక్కడి నుంచి వచ్చింది.

ఇంట్లో చెప్పడమే కష్టమైంది. అమ్మా బాపుది మేనరికం. ఇద్దరిలో ఒక్కో చెడిన జన్యువు ఉండి రెండూ బిడ్డకు వస్తే జబ్బు, ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికం కాకున్నా రావచ్చని డాక్టర్ ఎంత చెప్పినా అమ్మ చెవికి ఎక్కలేదు. "మేనత్త కొడుకని చేసుకుంటి, గిట్లయితదని నాకేమెరుక బిడ్డా" అని రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. బాపు మాత్రం ఏమీ అనకుండా పొద్దున్నే పోయి రెండు లీటర్ల స్టీలు బాటిల్ కొనుక్కొచ్చాడు.

తమ్ముడిని కూడా పరీక్ష చేయించమన్నారు. వాడికి ఎప్పుడూ నొప్పి రాలేదు, అందుకే నవ్వాడు. నమూనాలో మందు చుక్కలు వేస్తే ముదురు ఊదా రంగుకి తిరిగింది. వాడు కరీంనగర్‌లో ఉంటాడు. నిద్రలో మూత్రం చిక్కబడి రాయి కట్టేది అప్పుడే కాబట్టి రాత్రి రెండింటికి ఇద్దరికీ అలారం. లేచి నీళ్లు తాగి, ఫోన్ తీసి "తాగినవా?" అని పెడతా. ఒక్కోసారి పొద్దున ఏడింటికి వస్తుంది జవాబు, "తాగిన అన్నా" అని.