చారులో నూనె చుక్కలు

మొన్న ఆదివారం బ్రాడీపేటలోని మా ఇంట్లో, పోపు వేసిన చారు మీద తేలుతున్న రెండు నూనె చుక్కలను గరిటె అంచుతో దగ్గరకు నెట్టాను. క్షణకాలం పక్కపక్కనే నిలిచి, చటుక్కున ఒకటైపోయాయి. కణంలో పొరలు కలిసిపోవడం గురించి డిగ్రీ విద్యార్థులకు చెప్పేటప్పుడు ఇన్నేళ్లుగా ఈ పోలికే వాడుతున్నాను గానీ, అది సగమే నిజం. కణపు పొరలోని కొవ్వు అణువుల తలలు నీటిని పట్టుకుని ఉంటాయి కనుక, ఆ నీటిని తొలగించనిదే రెండు పొరలు ఎంత దగ్గరైనా కలవవు.

ఆ పనికి స్నేర్ ప్రోటీన్లున్నాయి. నాడీకణం కొసన, సుమారు 40 నానోమీటర్ల వ్యాసంతో రసాయన సందేశాన్ని నింపుకున్న సంచి మీద సినాప్టోబ్రెవిన్, ఎదుటి కణత్వచం మీద సింటాక్సిన్, స్నాప్-25 ఉంటాయి. మొదటి రెండింటి నుంచి ఒక్కొక్కటి, స్నాప్-25 నుంచి రెండు, మొత్తం నాలుగు పేటలు తాడులా మెలిపడుతూ పొరలను ఒకదానిమీదికి ఒకటి లాగుతాయి. ధనుర్వాతపు విషం ఇందులో సినాప్టోబ్రెవిన్‌ను తెగ్గొడుతుంది. కండరాలను అదుపులో ఉంచే నాడీకణాల సందేశం ఆగిపోయి ఒళ్లు విల్లులా బిగుస్తుంది. ఆ వ్యాధికి పేరు పెట్టిన పూర్వులు ఎంత చక్కగా గమనించారో!

ఈ యంత్రాంగాన్ని విప్పిచెప్పినందుకే 2013లో రాత్‌మన్, షెక్‌మన్, స్యూడాఫ్‌లకు నోబెల్ బహుమతి దక్కింది. అయితే నాకు కలపడం కంటే ఆపడమే వింతగా తోస్తుంది. కేవలం 134 అమైనో ఆమ్లాల కాంప్లెక్సిన్ అనే చిన్న ప్రోటీన్ ఆ పేటల కట్టను అంటిపెట్టుకుని, మెలిక పూర్తి కాకముందే దాన్ని నిలిపి ఉంచుతుందని చాలామంది శాస్త్రజ్ఞుల భావన. కాల్షియం లోపలికి రాగానే సినాప్టోటాగ్మిన్ అనే మరో ప్రోటీన్ దాన్ని పసిగడుతుంది, మిల్లీసెకను కూడా గడవకముందే సంచి తెరుచుకుంటుంది.

కాంప్లెక్సిన్‌ను బ్రేకు అని ఒక్కమాటలో తేల్చేస్తే పరీక్షలో మార్కులు పడతాయి గానీ ప్రయోగాలు అంత తేలిగ్గా లొంగవు. ఈ ప్రోటీన్ లేని పండు ఈగల్లో, పిలుపు లేకుండానే సంచులు తెరుచుకోవడం విపరీతంగా పెరిగింది. అది బ్రేకు తీసేసినట్టే. కాంప్లెక్సిన్‌లో రెండు రకాలను తొలగించిన ఎలుకల్లో మాత్రం కాల్షియం పిలిచినప్పుడు జరగవలసిన విడుదలే తగ్గిపోయింది. అంటే పట్టి ఆపే చెయ్యే, సమయానికి ముందుకు తోసే చెయ్యి కూడా. ఈసారి పాఠంలో నూనె చుక్కలను మాన్పించి, ఈ ఈగనూ ఎలుకనూ పక్కపక్కన బోర్డు మీద గీయాలనుకుంటున్నాను.