పాత రిసీవర్‌కు లావు స్పీకర్ వైరు: ఎడమ చానెల్ పూర్తయింది

1970ల నాటి రిసీవర్ (రేడియో, ఆంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉన్న స్టీరియో), వెనక నొక్కితే తెరుచుకునే స్ప్రింగ్ క్లిప్పులు. స్పీకర్లకు వేస్తున్నది 2.5 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ రాగి వైరు, ఒక్కో వైపు 5 మీటర్లు. క్లిప్పు రంధ్రాన్ని డ్రిల్ బిట్ల కాడలతో కొలిస్తే 2 ఎంఎం బిట్ దూరింది, 2.5 దూరలేదు. ఈ వైరు పోగుల్ని ఎంత బిగించి మెలిపెట్టినా 2 ఎంఎం దాటుతుంది. నేరుగా పట్టదు.

చాలామంది ఇక్కడ సగం పోగులు కత్తిరించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కత్తిరించిన చోట ముక్కలు విడిపోతాయి, ఒక్క పోగు పక్క టెర్మినల్‌ని తాకినా షార్టే. ఆ కాలపు రిసీవర్లలో చాలావాటికి ఫ్యూజు తప్ప వేరే రక్షణ లేదు. ఫ్యూజు పోయేలోపే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి, వాటికి సరైన జోడీ దొరకడం కష్టం.

అందుకని చివర 10 సెంటీమీటర్ల సన్న తోక కలిపాం: 1 స్క్వేర్ ఎంఎం వైరు. నష్టమెంత? రానూపోనూ 10 మీటర్ల లావు వైరు నిరోధం సుమారు 0.08 ఓమ్. రెండు తోకలూ కలిపి చేర్చేది 0.004 మాత్రమే. మొత్తం దారి 1 స్క్వేర్ ఎంఎంతో వేస్తే 0.2 దాకా వెళ్లేది. లావు వైరు లాభం దాదాపు అంతా నిలిచింది.

అతుకు వేసే ముందే 6 ఎంఎం హీట్ ష్రింక్ (వేడి తగిలితే ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం) ముక్క వైరుకు తొడగాలి, తర్వాత ఎక్కించే దారుండదు. లావు వైరు 15 ఎంఎం ఒలిచి, సన్నదాన్ని దాని చుట్టూ దగ్గరగా చుట్టి సోల్డర్ పెట్టాం. 25 వాట్ల ఐరన్‌తో రాగి వేడెక్కదు, సోల్డర్ పైన ముద్దలా కూర్చుంటుంది. 60 వాట్లది వాడితే పోగుల మధ్యకి పాకి, పోగుల ఆకారం కనిపిస్తూనే మెరుస్తుంది. ప్లస్, మైనస్ అతుకులు పక్కపక్కన రాకుండా ఒకదాన్ని అంగుళం వెనక్కి జరపండి.

తోక కొసకు ఎర్ర కాలర్ ఉన్న 1 స్క్వేర్ ఎంఎం ఫెర్రూల్ (పోగుల్ని కలిపి పట్టే సన్న లోహపు గొట్టం), 8 ఎంఎం పొడవుది, క్రింపింగ్ టూల్‌తో నొక్కాం. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగేటప్పుడు సైజు చెప్పండి, లేకపోతే లావువి అంటగడతారు. ఫెర్రూల్ లోపల సోల్డర్ వద్దు. స్క్రూ టెర్మినళ్లున్న రిసీవర్ అయితే ఫెర్రూల్ బదులు యూ లగ్గు (స్క్రూ కింద పట్టే యూ ఆకారపు లోహపు కొస). సోల్డర్ పూసిన వైరును స్క్రూ కింద బిగిస్తే కొన్నాళ్లకు సోల్డర్ నలిగి వదులవుతుంది. 1970ల మొదట్లో వచ్చిన కొన్ని పయనీర్ మోడళ్లకు వాటి సొంత రెండు పిన్నుల ప్లగ్గే కావాలి.

క్లిప్పుల లోపలి నలుపును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం, పవర్ తీసేసి. ప్లాస్టిక్ మీటలు పాతబడి పెళుసుగా ఉన్నాయి కాబట్టి వైరు బరువు వాటి మీద వేలాడకూడదు: టేబుల్ కాలికి కేబుల్ టైతో కట్టేశాం.

రిసీవర్‌కు తగిలించకముందే తోక కొసల మధ్య మల్టీమీటర్ పెట్టాలి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 6 దరిదాపుల్లో చూపాలి. సున్నాకి దగ్గరైతే ఎక్కడో షార్ట్, ఏమీ చూపకపోతే అతుకు ఊడింది. ఎడమ వైపు 6.1 వచ్చింది. కుడి వైపు తోకలు సిద్ధం, సోల్డర్ మిగిలింది.