180 లీటర్ల బోర్డు నుంచి 108కి: నా అనుభవం

నా బరువు 78 కిలోలు. నిలబడి తెడ్డుతో నడిపే నా పాత ప్యాడిల్ బోర్డు పదిన్నర అడుగుల పొడవు, 32 అంగుళాల వెడల్పు, ఘనపరిమాణం 180 లీటర్లు. పొద్దున్నే పున్నమి ఘాట్ దగ్గర దిగి, నిలబడి తెడ్డు వేసుకుంటూ భవానీ ద్వీపం వైపు పోవడానికి అంతకంటే సుఖమైనది లేదు. ప్రకాశం బ్యారేజీ నీటిని ఆపి ఉంచుతుంది కాబట్టి వరద లేని రోజుల్లో ఎగువన కృష్ణ చెరువులా ఉంటుంది. అలల కోసం సూర్యలంక బీచ్‌కి తీసుకెళ్తే మాత్రం ఆ బోర్డు నా మాట వినేది కాదు. అల అందుకునేది గానీ తిరిగేది కాదు, నేరుగా ఒడ్డుకు పోయేది.

చిన్నది తీసుకుందామంటే అందరూ మొదట అడిగేది లీటర్లే. లెక్క సులువు. లీటరు ఘనపరిమాణం మంచినీటిలో కిలో బరువు మోస్తుంది. నేను, లైఫ్ జాకెట్, తెడ్డు, బోర్డు సొంత బరువు కలిపితే 88 కిలోలు. 108 లీటర్ల బోర్డైతే ఇంకా 20 మిగులు. పాతదాని మీద ఆ మిగులు దగ్గర దగ్గర 90. "మునగదుగా, ఇంకేం టెన్షన్?" అంది మా ఆవిడ. నిజమే, మునగదు. పడేస్తుంది, అంతే.

అందుకే ఒక్కసారిగా దిగలేదు. చెన్నైలో ఉన్న స్నేహితుడి దగ్గర 140 లీటర్లది, 31 అంగుళాలది తెచ్చుకుని చాలాకాలం వాడాను. ఆ తర్వాతే 29 అంగుళాల ఈ 108. లీటర్లు తగ్గిన సంగతి మోకాళ్లకు తెలిసింది. వెడల్పు తగ్గిన సంగతి చీలమండలకు తెలిసింది. రెండో నొప్పే ఎక్కువ. నన్నడిగితే లీటర్ల కంటే ముందు వెడల్పు చూడమంటాను.

కొత్త బోర్డు మీద కదలకుండా నిలబడితే అంచులు దాదాపు నీళ్లతో సమానం. కాస్త వెనక్కి జరిగానా, తోక నీళ్లలోకి పోతుంది. టూరిస్టు బోటు నడిపే పెద్దాయన చూసి, "ఏం బాబూ, కాళ్ల కింద ఏమన్నా ఉందా?" అని అరిచాడు. నవ్వితే పడతానని జవాబివ్వలేదు.

"కాళ్లు చూసుకోకురా, దూరంగా ఏదన్నా చూడు" అనేవాడు మా చెన్నై స్నేహితుడు ఫోన్‌లో. ఇక్కడ ఆ కొరత లేదు, ఇంద్రకీలాద్రి ఎదురుగానే ఉంది. మోకాళ్ల మీదే నాలుగు తెడ్లు వేసి, బోర్డు కదిలాక లేవాలి. లేచాక తెడ్డు నీళ్లలోంచి తీసి ఊరికే పట్టుకోకూడదు, అదే మూడో కాలు. పాదాలు పక్కపక్కన కాకుండా ఒకటి కాస్త ముందుకు. తెడ్డు కూడా పొట్టి చేశాను: ఇదివరకు నా ఎత్తు కంటే 25 సెంటీమీటర్లు ఎక్కువుండేది, ఇప్పుడు 15. టూరిస్టు బోట్లు వెళ్లాక వచ్చే అలలను మొదట తిట్టుకున్నాను, తర్వాత వాటి కోసమే ఎదురుచూశాను.

గేట్లు ఎత్తిన రోజుల్లో అటు వెళ్లడమే లేదు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన నది అది. ప్రవాహంలో, బోర్డు దూరం పోకుండా కాలికి కట్టుకున్న తాడు (లీష్) దేనికైనా చిక్కుకుంటే విప్పుకోలేం.

సూర్యలంకలో ఉప్పునీరు రెండున్నర శాతం ఎక్కువ మోస్తుంది, అంటే నాకు ఇంకో రెండున్నర కిలోల మిగులు. కాలికి తెలిసే తేడా కాదు. తెలిసేది వేగం. అల తోసిన క్షణం నుంచి ఈ బోర్డు నదిలో కంటే గట్టిగా నిలబడుతుంది, వెనక కాలు నొక్కితే తిరుగుతుంది. అలలు దాటి లోపలికి వెళ్లడం మాత్రం పాతదానికంటే కష్టం. సముద్రపు గాలి మొదలయ్యాక నీళ్లు చెదిరిపోతాయి కాబట్టి తెల్లవారుజామునే దిగుతాను.

ఇంకోటి, మన ఎండలు. లోపల ఉన్నది ఫోమ్. రోహిణి కార్తెలో కారు మీద కట్టేసి టిఫిన్‌కి వెళ్తే పైపొర ఉబ్బి ఊడిపోతుంది. నేను ఇంట్లో మంచం కింద పెడతాను. ఇది పడుతుంది, పాతది పట్టేది కాదు.

పాతది అమ్మలేదు, దాని మీద మా ఆవిడ వెళ్తోంది. మొన్న మా వాడు 95 లీటర్లది చవగ్గా వస్తోందన్నాడు. వద్దన్నాను. ఏడు కిలోల మిగులు బిర్యానీ తిన్న మర్నాడు ఉండదు.